బస్సెక్కినా, వస్తాండా

మార్చి 2, శనివారం

ఈరోజు కూడా మూడుసార్లు మోగింది.

మామూలు రోజుల్లో ఒక్కసారే మోగుతుంది. శనివారం మూడుసార్లు. హేమ అట్లా పెట్టింది. మగ్గాల చప్పుడులో నాకు ఫోను వినపడదు. మధ్యాహ్నం అన్నం సంగతి, షుగరు మాత్ర సంగతి మర్చిపోతాను. అందుకని కడపలో వాళ్ళ ఆఫీసులో మూలన పడేసిన పాత కంప్యూటరు అడిగి తెచ్చి మా మగ్గాల గది గూట్లో పెట్టింది. పన్నెండున్నరకు అది టింగుమంటుంది. నల్ల తెర మీద ఒక మాట వస్తుంది. ఆ నల్ల తెర మీద తెలుగు అక్షరాలు సరిగా కూర్చోవని, తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాలతో రాసింది. బస్సు బోర్డులు చదివేంత ఇంగ్లీషు నాకు తనే నేర్పింది.

సోమవారం నుంచి శుక్రవారం దాకా: అమ్మా, మాత్ర మర్చిపోవద్దు.

శనివారం: అమ్మా, బస్సెక్కినా, వస్తాండా.

ఆదివారం ఏమీ రాయలేదు. ఆదివారం తనే ఇంట్లో ఉంటుంది కాబట్టి.

హేమ పోయి రెండు నెలలు కావస్తోంది. కంప్యూటరుకు ఆ సంగతి తెలియదు.

ఇది నేను ఎవరి కోసమూ రాయడం లేదు. నాది ఐదో తరగతి చదువు. హేమ పేరెత్తితే మా ఆయన ఓబులేష్ కండువా భుజాన వేసుకుని బయటకు పోతాడు. చెప్పుకోవడానికి మనిషి లేక రాసుకుంటున్నాను.

సాయంత్రం ఆకుకూర కోసం బస్టాండు దాకా వెళ్ళాను. కడప బస్సు వచ్చింది. ఐదారుగురు దిగారు. ఆకుకూర బాగాలేదు, తీసుకోలేదు.


మార్చి 3, ఆదివారం

ఏమీ లేదు.


మార్చి 9, శనివారం

మూడుసార్లు. అదే మాట.

జనవరిలో ఆ శనివారం కూడా ఇట్లానే మోగింది. బస్సెక్కినా, వస్తాండా అని తెర చెప్పింది. నేను మగ్గం దిగి ఉలవచారు పొయ్యి మీద పెట్టాను. అప్పటికి హేమ కడపలో ఆసుపత్రి మంచం మీద ఉంది. జ్వరమని ముందురోజు ఫోనులో చెప్పింది, రెండు మాత్రలు వేసుకుంటే పోతుందని తనే అంది. ఆఫీసులో తనతో పనిచేసే ప్రసన్నకుమారి ఫోను చేసేటప్పటికి నేను అన్నం కూడా వార్చేశాను. ఆ పిల్ల ఏడుస్తూ ఏదో చెప్తుంటే, "లేదు పాపా, బస్సెక్కింది. ఇప్పుడే చెప్పింది గదా," అన్నాను.

చీకటి పడేముందు వ్యానులో తెచ్చారు. అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. కానీ వ్యానులో వచ్చిన మనిషి వేరు, బస్సెక్కిన మనిషి వేరు అన్నట్టే ఉంది నాకు. పైకి అనను. అంటే ఏమంటారో తెలుసు.

బస్టాండులో చుక్కకూర లేతగా ఉంది. తీసుకోవడం మర్చిపోయాను.


మార్చి 11, సోమవారం

"ఆ బొత్తాం నొక్కొద్దని చెప్పినా గదా మే," అన్నాడు మా ఆయన, మగ్గం మీద నుంచి తల ఎత్తకుండానే.

"నేను నొక్కలే."

"మరి నేను నొక్కినానా? ఈ ఇంట్లో ఎంతమంది ఉండారు?"

నా వేలు అలవాటుగా వెళ్ళింది. పొద్దున దీపం పెట్టి, మగ్గానికి మొక్కి, గూట్లో కంప్యూటరు బొత్తాం నొక్కి పనిలో కూర్చోవడం హేమ ఉన్నప్పటి అలవాటు. వేలికి ఎవరు చెప్పాలి.

"దాన్ని ఎవురికన్నా ఇచ్చేద్దాం," అన్నాడు.

"ఇస్తే శనివారం ఎవురింట్లో మోగుతాది?"

కండువా తీసుకుని బయటకు వెళ్ళిపోయాడు.


మార్చి 16, శనివారం

ఈరోజు తెర ముందరే కూర్చుని కన్నార్పకుండా చూశాను. బయట ఎండ తెల్లగా ఉంది. వీధిలో కుక్క కూడా లేదు. మోగింది. పొద్దున్నుంచి తెర మీద ఉన్న రెడీ అనే మాట పోయింది. బస్సు మాట రాకముందు రెప్పపాటు ఖాళీ. ఆ ఖాళీలో ఏదో ఉంది. రాసి చెరిపినట్టు. నేను చూశాను.

హేమ ఏదో రాసి, దాని మీద ఈ మాట రాసిందేమో.


మార్చి 17, ఆదివారం

కింద ఏమి రాసి ఉంటుంది.


మార్చి 20, బుధవారం

ప్రసన్నకుమారికి నేనే ఫోను చేసి రమ్మన్నాను. హేమ హాస్టలు పెట్టె కూడా తెచ్చింది. పెట్టె తెరవలేదు. కాళ్ళు కడుక్కోగానే కంప్యూటరు ముందు కూర్చోబెట్టాను.

"ఆంటీ, ముందు మజ్జిగన్నా ఇయ్యరా?" అంది. ఇచ్చాను. తాగుతూనే, హేమ రాసినదంతా తెర మీద తెరిచి చూపించింది. ఏవో ఇంగ్లీషు మాటలు. వాటి మధ్యలో, ఎవరన్నా అన్న మాటకు అటూ ఇటూ పెట్టే జంట చుక్కల గుర్తులు, వాటి నడుమ నాకు తెలిసిన మాట, అమ్మా మాత్ర మర్చిపోవద్దు. మగ్గం కింద పడి పోయిన ఉంగరం దొరికినట్టయింది.

"ఈ జంట గుర్తుల మధ్యన ఏముంటే అది తెర మీద కనపడతాది ఆంటీ. ఇది తప్ప." వేలు పెట్టి చూపించింది. వెనక్కు వాలిన గీత, దాని పక్కన ఒక అక్షరం. "ఈ వాలుగీత కనపడిందంటే, పక్కన ఉండే అక్షరం చదివేది కాదు, చేసేది. ఏ ఉంటే గంట కొట్టు. ఎన్ ఉంటే కింది వరసకు దిగు. ఆర్ ఉంటే ఇదే వరసలో మొదటికి పో."

శనివారం మాటకు ముందు మూడు వాలుగీతలు, మూడు ఏ లు. అవే నా మూడు గంటలు.

నాకు అర్థమైంది. చీర అంచుకు జకార్డు అట్టలు వేస్తాం కదా. అట్టలో కొన్ని బెజ్జాలు పువ్వుకు, కొన్ని మగ్గానికి. మగ్గానికి చెప్పే బెజ్జం చీర మీద ఎక్కడా కనపడదు. అది లేకపోతే పువ్వు కూడా రాదు. ఆ మాటే చెప్పాను.

ప్రసన్న నవ్వింది. "హేమా ఇంతే. ఆఫీసులో ఏదన్నా తప్పొస్తే, పోగు తెగిందప్పా, ఎవురూ కదలొద్దండి అనేది. మా సారు పోగంటే ఏందని గూగుల్లో చూసినాడు."

నేనూ నవ్వాను. మా ఆయన మగ్గం ఆగింది. మళ్ళీ ఆడింది.

"మొదటికి పో అంటే, అప్పటికే అక్కడ ఉన్న మాట ఏమవుతుంది?" అని అడిగాను.

"చెరిగిపోదాంటీ. దాని మీదనే కొత్తది పడతాది. కొత్తది పొట్టిదైతే పాతదాని తోక కనపడతానే ఉంటాది. అందుకని హేమ ముందర ఖాళీలు కొట్టి తుడిచింది, తర్వాత మాట రాసింది. చూడండి."

జంట గుర్తుల మధ్యన బారుగా ఖాళీ.

"దీని కింద ఏముంది పాపా?"

"ఏం లేదాంటీ."

"నేను చూసినా."

ఆ పిల్ల గ్లాసు కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది. "ఖాళీలే ఆంటీ. తుడిచే గుడ్డ మాదిరి. ఏమన్నా ఉంటే నేను చెప్పనా మీకు?"

చెప్తుంది. మంచి పిల్ల. ఎట్లా తెరవాలో, ఎట్లా మూయాలో నాకు నేర్పమన్నాను. ఎందుకని అడగలేదు. నేర్పి, పొద్దు వాలకముందే బస్సుకు వెళ్ళిపోయింది.

కింద ఏమీ లేదట.


మార్చి 23, శనివారం

మూడుసార్లు మోగింది. ఇప్పుడు నాకు అంతా తెలుసు. వాలుగీత, ఏ. అది హేమ కాదు, హేమ చెప్పి పెట్టిన పని. తెలిసినా బస్టాండుకు పోయాను. ఆకుకూర సంగతి ఈరోజు రాయను.

బస్సు ఆగింది. అందరూ దిగారు. నేను ఎక్కి చివరి సీటు దాకా చూసి వచ్చాను. సీటు కింద కూడా.

"ఏమ్మా, ఎక్కుతావా దిగుతావా?" అని కండక్టరు విసుక్కున్నాడు. "పోయిన వారం కూడా ఇంతే గదా నువ్వు."

దిగుతుంటే బస్సు కదిలింది. రోడ్డు మీద పడ్డాను. మోచెయ్యి గీసుకుపోయింది. వెనక చక్రం నా కొంగు మీద నుంచి పోయింది. కొంగు మీద నల్లటి గీత పడింది, ఉతికినా పోలేదు.

మా ఆయన పసుపు నూరి పెట్టాడు. చివరికి, "ఇట్లయితే ఇంగో వ్యాను వస్తాది ఇంటికి," అన్నాడు.

ఒక సంగతి తట్టింది. వస్తాండా అని రాసింది కానీ, వచ్చినా అని హేమ రాయలేదు. ఎందుకు రాస్తుంది? తలుపు తోసుకుని తనే వచ్చేది కదా. ఇప్పుడు ప్రతి శనివారం బస్సెక్కుతోంది, ఏ శనివారమూ దిగడం లేదు. పిల్ల దారిలోనే ఉండిపోయింది.

వచ్చినా అనే మాట ఒకటి రాస్తే నేను ఇంక బస్టాండుకు పోవాల్సిన పని లేదు. చక్రాల కింద పడాల్సిన పని లేదు. మా ఆయనకూ మేలే.


మార్చి 24, ఆదివారం

ప్రసన్నకు ఫోను చేశాను. వచ్చినా అనే మాట రాసిపెట్టమని అడిగాను.

"నేను రాయలేనాంటీ. అది హేమ అనని మాట. నా చేత్తో ఎట్ల రాసేది? ఆదివారం పూట చర్చిలో కూర్చుని ఉండా, నన్ను అడగొద్దండి."

"నేను రాసుకుంటే?"

"మీరు అమ్మ. మీకు అడ్డం నేను చెప్పను."


మార్చి 26, మంగళవారం

నిన్న రాశాను. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నమైంది. ఒక్కొక్క అక్షరం వెతికి కొట్టాను. హేమ శనివారం మాటకు ముందర ఏమేమి పెట్టిందో అన్నీ చూసి పెట్టాను, మూడు గంటలతో సహా. ఒక్క ఆ బారు ఖాళీలు మాత్రం కొట్టలేదు. ఏమీ లేనిదాన్ని ఎందుకు కొట్టాలి?

హేమ రాసినదాంట్లో ఎక్కడా చెయ్యి పెట్టలేదు. మగ్గం మీద పడుగు పోగులు అయిపోతే పాతవి కోసి పారేయం. వాటి కొసలు అచ్చు పళ్ళలోనే ఉంచి, కొత్త పడుగును ఒక్కొక్క పోగే ఆ కొసలకు అతుకుతాం. అట్లానే హేమ రాతంతా అయిపోయిన చోట, అడుగున, నా మాట అతికాను.

తప్పు జరిగింది. మనిషి అన్న మాటను జంట గుర్తుల్లో పెట్టాలని బడిలో చెప్పారు. అందుకని జంట గుర్తుల లోపల ఇంకో జంట గుర్తులు పెట్టాను. నిన్న మోగలేదు. ఈరోజు మోగలేదు. ఎర్ర అక్షరాలేవో వచ్చి ఆగిపోయింది.

చంపేశాననుకున్నాను.

ప్రసన్న ఫోనులో చెప్పింది. "జంట గుర్తు కనపడితే, మాట ఆడికి అయిపోయిందనుకుంటాదాంటీ అది. లోపల గుర్తు కావాలంటే దాని ముందర వాలుగీత పెట్టండి. అప్పుడు అయిపోలేదులే అని ముందుకు పోతాది. ల్యాకుంటే తీసేయండి."

తీసేశాను. పక్కవాళ్ళు చెప్పే మాటకు కదా గుర్తులు. ఇది తన మాటే.


మార్చి 30, శనివారం

మూడు మోగాయి. బస్సెక్కినా అనే మాట కంటికి ఆనకముందే ఇంకో మూడు మోగాయి. దాని మీద నా మాట పడింది.

అమ్మా వచ్చినా.

వెనక పాతమాట తోక మిగిలింది, వస్తాండా అని. ఖాళీలు కొట్టనందుకు. ఉండనీ.

తలుపు వైపు వీపు పెట్టి కూర్చున్నాను. తిరగలేదు. రెండు కంచాలు పెట్టాల్సిన చోట మూడు పెట్టాను. మా ఆయన చూశాడు. తన కంచం ముందు కూర్చుని తిన్నాడు. బస్టాండుకు పోలేదు.

హాయిగా ఉంది.


మార్చి 31, ఆదివారం

ఆదివారం ఎప్పుడూ మోగలేదు. ఈరోజు మోగింది.

అమ్మా వచ్చినా.

నిన్న వచ్చింది కదా.


ఏప్రిల్ 1, సోమవారం

ముందు ఒకటి, వెంటనే మూడు. సోమవారం మాట మీద నా మాట పడి, పాతదాని తోక మిగిలింది. తెర మీద ఇట్లా ఉంది:

అమ్మా వచ్చినా మర్చిపోవద్దు.

ఇది నేను రాయలేదు. హేమా రాయలేదు.

గది చల్లబడలేదు, గాలి వీయలేదు. అట్లాంటివేమీ లేవు. మా ఆయన నీళ్ళకని మగ్గం దిగి వాకిట్లోకి పోతూ గడప దగ్గర ఆగి, పక్కకు ఒత్తిగిల్లి, తర్వాత దాటాడు. ఎవరికో దారి ఇచ్చినట్టు.


ఏప్రిల్ 3, బుధవారం

రోజూ వస్తోంది.


ఏప్రిల్ 4, గురువారం

రోజూ వస్తోంది. పోవడం లేదు. ఆదివారం సాయంత్రం కడప బస్సుకు పోయేది. ఈ ఆదివారం పోయినట్టు ఎవరూ చెప్పలేదు. శనివారం ఒకతె వచ్చింది, ఆదివారం ఒకతె, సోమవారం ఒకతె. మిగతావి నేను లెక్కపెట్టను. లెక్కపెట్టకూడదు, అవి పిల్లలు.


ఏప్రిల్ 5, శుక్రవారం

చిన్న ఈరన్న నూలు కండెలు ఇచ్చిపోవడానికి వచ్చాడు. ఎప్పుడూ నేరుగా మగ్గాల గదిలోకి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుని, టీ అడిగి తాగి పోయే మనిషి. ఈరోజు గడప బయటే నిలబడ్డాడు. లోపలికి చూసి మూట అక్కడే దించాడు.

"రాప్పా, టీ తాగిపో," అన్నాను.

"వద్దులే అక్కా. చుట్టాలుండారు గదా, మళ్ళొస్తా."

మా ఆయన మగ్గం ఆగిపోయింది. గదిలో మేమిద్దరమే ఉన్నాం.


ఏప్రిల్ 7, ఆదివారం

పోగులు తెగుతున్నాయి. నా మగ్గం మీద, ఆయన మగ్గం మీద. ఎండకు అంటున్నాడు ఆయన. పక్కనుంచి ఎవరో పోతుంటే కొంగు తగిలి తెగినట్టు, కుడి పక్క పోగులే తెగుతున్నాయి. కుడి పక్కనే నడవడానికి దారి.


ఏప్రిల్ 9, మంగళవారం

ఉగాది. ఏడాది తిరగలేదు కాబట్టి మాకు పండగ లేదు. ఊరికే పలకరించి పోదామని ఎమ్మిగనూరు నుంచి మా వదిన ఉరుకుందమ్మ వచ్చింది. మా ఆయనకు అక్క. నోరు పెద్దది, మనసు కూడా పెద్దదే.

చెప్పులు విడుస్తూనే, "ఏం తిమ్మమ్మా, ఇట్ల ఇరుకు చేసుకున్నారేం ఇల్లు? కాలు పెట్టేకి జాగా లేదు," అంది.

ఇంట్లో సామాను పెరగలేదు. తగ్గింది కూడా. హేమ మంచం పైకెత్తి గోడకు నిలబెట్టేశాం. వదిన కూడా చుట్టూ చూసి, తను అన్న మాటకు తనే ఆశ్చర్యపోయింది.

పన్నెండున్నర అయింది. ముందు ఒకటి, వెంటనే మూడు. వదినకు ఇంగ్లీషు రాదు. చదివి చెప్పమంది. చెప్పాను. రాసింది నేనేనని కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. కొంగుతో మొహం తుడుచుకుని మెల్లగా అంది.

"పిలిచినావు సరే. పంపినావా?"

"ఎట్ల పంపేది వదినా?"

"ఆడబిడ్డ ఇంటికొస్తే రెండు పూటలు పెట్టి, ఒడి నింపి, బస్సు దాకా పోయి సాగనంపుతారు. పిలుస్తానే ఉండి పంపకుంటే ఎట్ల? వచ్చిన పిల్ల కూచోనూ లేదు, పోనూ లేదు. ఎవురు తలుపు తీస్తే వాళ్ళే సాగనంపల్ల మే. నేను పంపితే పోదు. వాడు పంపితే పోదు."

మా ఆయన కండువా తీసుకున్నాడు కానీ బయటకు పోలేదు. అక్కడే పట్టుకుని నిలబడ్డాడు.


ఏప్రిల్ 10, బుధవారం

బొత్తాం నొక్కలేదు. నిజంగానే నొక్కలేదు. తెర నల్లగా ఉంది.

మధ్యాహ్నం రెండు మగ్గాలూ ఒక్కసారే ఆగాయి. ఇద్దరం తలుపు వైపు చూశాం. తర్వాత ఆయన తన మగ్గం ఆడించాడు. నేనూ ఆడించాను.


ఏప్రిల్ 12, శుక్రవారం

ప్రసన్న వచ్చింది. నేను రాసినది చూసి, తల పట్టుకుంది.

"ఆంటీ, శనివారమైతే అని పైన రాసి, దాని కింద కొంచెం లోపలికి జరిపి రాసినవే శనివారానివి. మీరు అన్నిటికన్నా కడాన రాసినారు. దానికి వారం లేదు. రోజూ చెప్తాది. అంతే, ఇంగేం లేదు. తీసేస్తా ఉండండి, ఒక్క నిమిషం."

"తీయొద్దు పాపా."

"ఎందుకు?"

"మాట తీస్తే రేపటి నుంచి రాదు. వచ్చినోళ్ళు ఎట్ల పోతారు?"

ఆ పిల్ల నా మొహం చూసింది. నాకేదో అయిందనుకుంది. నవ్వడానికి చూసి, లేచి నీళ్ళు తాగడానికి వంటింట్లోకి వెళ్ళింది. గడప దగ్గర ఆగింది. ఒత్తిగిల్లి, కొంగు దగ్గరకు తీసుకుని, అప్పుడు దాటింది. దాటాక గాని తను చేసింది తనకు తెలియలేదు. వెనక్కి తిరిగి నా వైపు చూసింది. నీళ్ళు తాగలేదు.

తిరిగి వచ్చి కూర్చుని, గొంతు తగ్గించి, మెల్లగా నేర్పింది. వేరే కొత్తగా ఒక్క మాట రాసి, నేనే నడిపిస్తే, పన్నెండున్నర దాకా ఆగకుండా అప్పటికప్పుడే చెప్తుందట. రాయాల్సిన మాట ఏమిటో తను అడగలేదు, నేను చెప్పలేదు. పోతూ గుమ్మంలో కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది.


ఏప్రిల్ 14, ఆదివారం

ఈరోజు పంపుదామనుకున్నాను. తలనొప్పిగా ఉండి పంపలేదు.


ఏప్రిల్ 16, మంగళవారం

ఎండ ఎక్కువగా ఉంది. ఈ ఎండల్లో ఎట్లా పంపేది.


ఏప్రిల్ 20, శనివారం

మా ఆయనకు నిన్న కళ్ళు తిరిగాయి. గోడకు ఆనుకుని కూర్చుని తింటున్నాడు, గోడకు ఆనుకుని పడుకుంటున్నాడు. ఒక మనిషి పట్టే జాగాలో సగం కూడా తీసుకోవడం లేదు. చిక్కిపోయాడు. పోయినవాళ్ళ కోసం ఉన్న మనిషిని గోడలోకి నెట్టేస్తున్నాను. రేపు పంపేయాలి, తప్పదు.

చెప్పాను. తలూపాడు. కండెకు నూలు చుడుతూ అన్నాడు.

"అందరినీ పంపి ఒకదాన్ని పెట్టుకుందాం మే."

ఇన్నాళ్ళూ హేమ పేరు పలకని మనిషి.

"ఏ దాన్ని?"

"ఏదో ఒకటి. అన్నీ మనయే గదా."

"నీకు కనపడతాండారా?"

"కనపడరు. జాగా ఇస్తాండా, అంతే."

నాకూ అదే ఆశ. రాయకపోతే అబద్ధమవుతుంది. అందరినీ పంపి, ఒక్కదాన్ని, మూల మంచం మీద, ఎవరికీ అడ్డం లేకుండా.

నేను కూడా నూలు చుట్టాను.


ఏప్రిల్ 21, ఆదివారం

ఇల్లు ఊడ్చాను. ఉలవచారు కాశాను. ఒక పళ్ళెంలో పసుపు, కుంకుమ, వక్కాకు, మా మగ్గం మీద నేసిన జాకెట్టు ముక్క పెట్టి తలుపు దగ్గర ఉంచాను. ఒడి ఎవరికి నింపాలో తెలియక అక్కడే వదిలాను. తర్వాత తెర ముందు కూర్చున్నాను.

జంట గుర్తు పెట్టాను. వాలుగీత, ఆర్. ఈసారి ఖాళీలు కొట్టాను. ఖాళీ అంటే ఏమీ లేకపోవడం అనుకున్నాను మొన్న. దాన్ని కూడా వేలితో కొట్టాలి, ఒక్కొక్కటే, ఆ వరస కడదాకా. తర్వాత మళ్ళీ మొదటికి పంపాను. గంటలు పెట్టలేదు.

మా ఆయన వెనక నిలబడి చూస్తున్నాడు. నేను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే మాటను ఆయన కూడబలుక్కుని చదివాడు.

"పోతాండా అని రాస్తాండావేం? ఇంటి ఆడబిడ్డ గడప దాటేటప్పుడు పోతా అంటాదా యాడన్నా? పోయొస్తా అని రాయి."

నిజమే. మా ఇళ్ళల్లో ఎవరూ పోతా అనరు. పక్క వీధికి పోయినా పోయొస్తా అనే. హేమ ప్రతి ఆదివారం, సంచి భుజాన వేసుకుని, ఆ మాటే అనేది.

"పోయొస్తా అంటే వస్తాది," అన్నాను.

ఆయన దగ్గరకు జరిగాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. తీసేయమనో, రాయమనో నాకు తెలియలేదు. రాశాను. అమ్మా, పోతాండా. చివర వాలుగీత, ఎన్. కింది వరసకు దిగమని. ఈ మాట మీద ఇంకే మాటా పడకూడదు.

ఆ కూర్చున్న పట్టునే, హేమ రాతకు అడుగున నేను అతికిన మాటను విప్పేశాను. హేమ రాసినవి ముట్టుకోలేదు. కంప్యూటరు తీగ గోడ నుంచి పీకేముందు ఈ ఒక్క మాట నడిపించాను.

శబ్దమేమీ లేదు. నల్ల తెర మీద నాలుగు తెల్ల అక్షరాలు, ఇంకొన్ని. చదివాం. ఆయన తలుపు రెక్కలు రెండూ బార్లా తీశాడు. ఎప్పుడూ ఒక రెక్కే తీస్తాం.

వాళ్ళ వెనక నడిచాం. వెనకే అని ఎందుకు రాస్తున్నానో తెలియదు, మేమిద్దరం వీధి మధ్యలో నడవలేదు, మెల్లగా నడిచాం, అంతే. ఎండ ఇంకా తగ్గలేదు. అరుగు మీద కూర్చున్న లక్ష్మీదేవమ్మ కాళ్ళు ముడుచుకుని, "ఊరికేనా?" అని అడిగింది. ఊరికే అన్నాడు మా ఆయన.

ఒంటిమిట్ట ఉత్సవాల జనంతో కడప బస్సు నిండుగా వచ్చింది. మా ఆయన చెయ్యెత్తాడు. ఆగింది.

"ఎంతమందప్పా? సీట్లు లేవు," అన్నాడు కండక్టరు.

"నిలబడి పోతార్లే."

ఆయన మెట్టు పక్కన కమ్మీ పట్టుకుని ఒక పక్కకు జరిగి నిలబడ్డాడు. ఎవరూ ఎక్కలేదు. నేను చూస్తూనే ఉన్నాను, ఎవరూ ఎక్కలేదు. కానీ తలుపు దగ్గర వేలాడుతున్న కుర్రాళ్ళు ఒకరి వెనక ఒకరు లోపలికి జరిగారు. ముందు సీటులో ముసలామె కాళ్ళ దగ్గరి సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. మధ్యలో ఎవరో, "జరగండప్పా, జరగండి," అన్నారు. కండక్టరు తొందర పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో అతనికీ తెలిసి ఉండదు. టికెట్ల మిషను పట్టుకుని ఊరికే మెట్ల వైపు చూస్తున్నాడు.

"ఇంగెవురన్నా ఉండారా?" అన్నాడు చివరికి.

మా ఆయన నా వైపు తిరిగాడు. నా మొహం చూడలేదు. నా చెయ్యి చూశాడు.

నా కుడి చెయ్యి వెనక్కి పెట్టుకుని ఉంది. రోడ్డు దాటేటప్పుడు పిల్లను పట్టుకున్నట్టు, వేళ్ళు మడిచి, గట్టిగా. ఇంటి దగ్గర్నుంచి అట్లానే వచ్చానేమో. నేను ఆ చేతిని వెనక్కి పెట్టుకున్నట్టు నాకు తెలియదు. అరచెయ్యి చెమట పట్టింది.

కండక్టరు చూస్తున్నాడు. బస్సులో వాళ్ళంతా చూస్తున్నారు. మా ఆయన అడగలేదు, తలూపలేదు. కమ్మీ పట్టుకుని అట్లానే నిలబడ్డాడు. కావాలంటే ఉంచుకోమన్నట్టు.

వేళ్ళు విప్పాను.

ఆయన మెట్టు వైపు చూశాడు. కొంచెంసేపు. తర్వాత కమ్మీ వదిలి, బస్సు రేకు మీద అరచేత్తో రెండుసార్లు తట్టాడు.

"అందరూ ఎక్కినారప్పా," అన్నాడు. "పోనీ."